పిన్ని ముక్కు

పసికూనల బుట్టను నేల మీంచి ఎత్తి బల్ల మీద పెట్టేసరికి తల్లిపిల్లి గుర్రుమంది. "నీ పిల్లల్నేం ఎత్తుకుపోనులేవే, నేల తుడవాలి" అంది పిన్ని.

జాతిపిల్లుల్ని పెంచి, వాటి పిల్లల్ని అమ్మే ఇల్లది. పద్నాలుగేళ్ళుగా అక్కడ కడిగేదీ తుడిచేదీ ఆవిడే. యజమానురాలితో సహా అందరికీ ఆవిడ పిన్నే. ఊళ్ళో మాయదారి రోగం పడ్డాక వీధి చెప్పులు, వీధి చీర వెనకగదిలో వదిలి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, లోపలి చీర కట్టుకుని, మాస్కు పెట్టుకుంటే గాని గడప దాటడం లేదు. ముందు పసికూనల గది, తర్వాత పెద్దవాటిది, చివర కొత్తగా వచ్చినవాటిది. ఈ వరస తప్పితే కొంప మునుగుతుందని ఆవిడ భయం. ఈమధ్య ఆవిడకు అన్నీ భయాలే. తుమ్మొస్తే భయం, ఎవరైనా తలుపు తడితే భయం.

బజార్లో సరుకు దొరక్క అమ్మగారు రెండు తెల్ల డబ్బాల్లో మందులు పోయించుకొచ్చారు. గదులకు బ్లీచింగు నీళ్ళు, బయటి కాలువకు ఫినాయిలు, అదీ నీళ్ళలో కలిపినా తెల్లబడని రకం. చూపుకి రెండూ నీళ్ళలాగే ఉంటాయి. ఫినాయిలు పాదాలకంటి, పిల్లి నాక్కుందంటే ప్రాణం మీదికొస్తుంది. డబ్బాల మీద పేర్లు రాస్తానంటే, "నా ముక్కుండగా రాతలెందుకమ్మా" అని నవ్వేసింది పిన్ని. మూత తీసి, వాసన చూసి పొయ్యడమే ఆవిడ పద్ధతి.

ఇవాళ వాసన తగల్లేదు. మాస్కు దించి మళ్ళీ చూసింది. ఊహూఁ. మూత సరిగ్గా పెట్టక బ్లీచింగు చప్పబడి ఉంటుందనుకుంది. రెండో డబ్బా కూడా చూద్దామంటే పొద్దుటి నుంచీ ఒళ్ళంతా ఒకటే నొప్పులు. బలం చాలదేమోనని ఇంకో మూతెడు ఎక్కువే పోసింది.

నేల ఆరాక బుట్ట దించింది. నాలుగు కూనలూ తప్పటడుగులు వేస్తూ బయటికొచ్చాయి.

అమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "పిన్నీ! ఏంటీ ఫినాయిలు కంపు?"

పిన్ని పరుగున కూనల దగ్గరికొచ్చింది. ఇద్దరూ కూనల్ని ఎత్తుకుని, గోరువెచ్చటి నీళ్ళతో ఒక్కొక్క పాదం కడగసాగారు.

"ఇంత ఘాటుంటే నీకు తెలీలేదా?" అన్నారు అమ్మగారు.

పిన్ని చేతులు ఆగిపోయాయి. కూనను తువ్వాలు మీద పెట్టి, గోడ పట్టుకుని వెనక్కి జరిగింది. "మిగతావి మీరే కడగండమ్మా. నా దగ్గరికి రాకండి."

వీధి చీర కట్టుకుని సాయంత్రం దాకా గేటు బయటే కూర్చుంది. లోపల ఏ పిల్లి అరిచినా లేచి గేటు సందులోంచి చూసింది. చివరికి అమ్మగారు కిటికీలోంచి, "నాలుగూ పాలు తాగాయి పిన్నీ, ఏం ఫర్వాలేదు" అని కేకేశాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

అమ్మగారు ప్రహరీగోడ మీద టీ పెట్టి వెళ్ళారు. తాగింది. వేడి తెలిసింది గాని రుచి తెలియలేదు. వీధి కుళాయి దగ్గర గ్లాసు రెండుసార్లు తోమి, గోడ మీద బోర్లించింది.

"దీన్నెవరూ ముట్టుకోకండమ్మా" అని చెప్పి, మనుషులకు ఎడంగా వీధి మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

పదకొండో రోజు పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఆస్పత్రిలో తెల్లవారుజామునే పోయిందట, ఎవర్నీ చూడనివ్వలేదట. అమ్మగారు ఏడుస్తూ గేటు దాకా వచ్చారు. గోడ మీద గ్లాసు బోర్లించినట్టే ఉంది, పైన సన్నటి దుమ్ముతో.