ఏడేళ్ల అనుభవం

పెనం మీద రొట్టె తిప్పబోతుంటే ఫోన్ మోగింది. మెసేజ్ పంపింది మా ఆయన వినోద్. పక్క గదిలోనే కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. పది అడుగులు వేస్తే వంటగది, కానీ మా ఇంట్లో ఈ పని అట్లా జరగదు. తన ఇంగ్లీషు మెసేజ్ ముందు నాకు పంపుతాడు, కింద 'జర చూడు' అని. నేను పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, సరిచేసి తిప్పి పంపుతాను. దాన్ని చీరల కంపెనీ సేట్‌కో, బయటి ఊరి వ్యాపారికో పంపి, మా మధ్య నడిచిందంతా డిలీట్ చేస్తాడు. నా ఫోన్‌లోనూ చేయమంటాడు. చేస్తాను. పెళ్లయిన నాడు పార్సిళ్లు కట్టే మనిషి, ఇప్పుడు డిస్పాచ్ మేనేజర్. ఏడేళ్లుగా ఇదే తంతు.

"పొద్దుగాల్నే ఫోన్ల తలకాయ పెడ్తది. రొట్టె మాడినా సోయి ఉండదు," అంది మా అత్త నర్సవ్వ. రొట్టె ఎవరి పని మీద మాడిందో వినోద్‌కు తెలుసు. టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

మొన్న అతని స్నేహితుడు పరమేశ్ వచ్చి, "వదినకు ఇంగ్లీష్ వస్తదా?" అని అడిగితే వినోద్ నవ్వేశాడు. "ఆమెకేడొస్తది? ఈడ మున్సిపల్ బడిల తెలుగు మీడియం చదివింది." అది నిజమే. ఆ తర్వాత ఇంగ్లీషు తీసుకుని బీఏ చేసిన సంగతి మాత్రం చెప్పలేదు. నేను చాయ్ కప్పులు అందించి లోపలికి వచ్చాను. చెప్పొద్దూ, ఒళ్లు మండింది. విచిత్రమేమిటంటే, ఆ రోజు నుంచి నాకే అనుమానం మొదలైంది. పుట్టినరోజు శుభాకాంక్షలు పంపాలన్నా తప్పొప్పులు చూసే వెబ్‌సైట్‌లో ఒకసారి వేసి చూసుకుంటున్నాను.

ఇంతలో మేముండే డిండోలిలోనే, మా గల్లీ చివర ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి ఇంగ్లీషు టీచరు కావాలని తెలిసింది. సోమవారం దరఖాస్తు ఉత్తరం తీసుకుని రమ్మన్నారు. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలంటే, రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం అంట్లు తోమేసి కాగితం ముందు కూర్చున్నాను. మొదటి అక్షరం దగ్గరే పెన్ను ఆగిపోయింది. ఏడేళ్లుగా నేను రాసిన ప్రతి 'ఐ' వినోదే. ఐ యామ్ హ్యాపీ అంటే వినోద్ సంతోషం. ఐ యామ్ సారీ అంటే వినోద్ క్షమాపణ. ఇప్పుడు నా గురించి రాస్తుంటే ఎవరి సంతకమో ఫోర్జరీ చేస్తున్నట్టు అనిపించింది. ఎట్లాగో పూర్తిచేసి, బుద్ధి గడ్డి తిని, అతనికే చూపించాను.

అతను ఒక వాక్యం చుట్టూ సున్నా చుట్టాడు. ఇంగ్లీషు ఉత్తరాలు రాయడంలో, దిద్దడంలో నాకు ఏడేళ్ల అనుభవం ఉంది అని రాసిన వాక్యం అది.

"ఇది రాంగ్."

"ఏం తప్పున్నది?"

"ఏందో ఉన్నది. ఇంట్ల కూసుండి చూసిందాన్ని ఎక్స్‌పీరియన్స్ అంటరా ఎవలన్నా? నవ్వుతరు."

"బడికి పోతే పొద్దుగాల రొట్టెలెవలు చేస్తరు?" అని అత్త లోపలి నుంచి అడిగింది.

ఆ వాక్యాన్ని వెబ్‌సైట్‌లో వేశాను. తప్పు లేదంది. మాటలు అటూ ఇటూ మార్చి మళ్లీ వేశాను. మళ్లీ లేదంది. ఏమనిపించిందో, నేను ఇంట్లో ఖాళీగా ఉంటాను అని ఇంగ్లీషులో రాసి చూశాను. దాంట్లోనూ తప్పు లేదంది. రెండూ సరైనవే అయితే నేను ఏ వాక్యంలో ఉన్నట్టు? చివరికి ఒక్క ముక్క కూడా మార్చకుండా ఉత్తరాన్ని కొత్త కాగితం మీద ఎక్కించాను. ధైర్యంతో కాదు, ఏం మార్చాలో తెలియక.

సోమవారం ప్రిన్సిపాల్ జయాబెన్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. బాగా రాశారు అని, ఇంతకుముందు ఎక్కడ పనిచేశారని హిందీలో అడిగింది. ఇంట్లో అన్నాను. ఆమె నవ్వలేదు. ఒక ఫారం నా ముందుకు జరిపి, మీ పని గురించి తెలిసిన వాళ్ల పేరు, ఫోన్ నంబర్ ఇక్కడ రాయండి, కనుక్కుంటాం అంది.

పెన్ను ఆ గడి మీద పెట్టాను. నా పని ఎవరికి తెలుసు? అత్తకు తెలియదు. పరమేశ్‌కు తెలియదు. ఆ మెసేజ్‌లు చూసి వినోద్‌ను పొగిడే సేట్‌కు అస్సలు తెలియదు. ఎంత వెతికినా ఒక్క మనిషే తేలాడు. వినోద్ పేరు రాసి, నంబర్ వేశాను. మీకు ఏమవుతారు అన్న చోట 'ఏడేళ్లుగా ఈయన ఉత్తరాలు నేనే రాస్తున్నాను' అని ఇంగ్లీషులో రాశాను. దాన్ని ఎక్కడా వేసి చూసుకోలేదు.

జయాబెన్ అది చదివి, నా వంక ఒకసారి చూసి, ఫోన్ తీసి నంబర్ నొక్కింది. అవతల మోగుతోంది. వినోద్ ఏం చెబుతాడో నాకు తెలియదు. ఈసారి ఏం చెప్పాలో నేను రాసివ్వలేదు.