దగ్గరచూపు కార్డు

కళ్ళద్దాల షాపుకి వెళ్ళినవాడు కళ్ళద్దాలు కొనుక్కుని ఇంటికి పోవాలి. లోకంలో ఎక్కడైనా అంతే. కానీ ఆ వీధి మలుపులో ఉన్న షాపులో మాత్రం అలా కుదిరి చావదు. అక్కడ ఫ్రేము ఎంచుకునేలోపు ఒక నవల గురించి సగం, బిల్లు కట్టేలోపు మిగతా సగం వినాల్సిందే.

షాపాయనకి అదొక జబ్బు. తనకి నచ్చిన పుస్తకం ఎదుటివాడు కూడా చదివేదాకా ప్రాణం కుదుటపడదు. పెళ్ళైన కొత్తలో భార్యకి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చేత్తో తూచి చూసి, "టీవీ కింద ఎత్తుకి బాగా సరిపోతుందండీ" అంది. పక్కనున్న మందుల షాపాయనకి ఇచ్చాడు. ఆయన ఏడాది దాచి తెచ్చిచ్చి, "ఒక్క పేజీ నలగనిస్తే ఒట్టు! ఎలా ఇచ్చారో అలాగే ఉంది, చూసుకోండి" అని గర్వంగా చెప్పి వెళ్ళాడు. ఇక బంధువుల సంగతి చెప్పక్కర్లేదు. ఆయన సంచీతో వస్తున్నాడంటే చాలు, ముఖం చాటేసేవాళ్ళు.

ఇంతా చేసి ఆ పుస్తకం ఏమిటయ్యా అంటే, ఆరువందల పేజీల లావుపాటి నవల. ఒక ఇంజనీరు నది మీద వంతెన కట్టడానికి వస్తాడు. కడతాడు. అయిపోయింది. "అంతేనా?" అని ఎవరైనా అన్నారో, కళ్ళద్దాలాయనకి ఒళ్ళు మండిపోయేది. "అంతేనా అంటారేమిటండీ! ఆ కట్టడంలోనే ఉందంతా!" అనేవాడు. ఏముందో మాత్రం ఆయన కూడా సరిగ్గా చెప్పలేకపోయేవాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. రాత్రి షాపు మూసి ఇంటికి నడుస్తూ, "ఈ జన్మకి నేనొక్కణ్ణే దీనికి పాఠకుణ్ణి కాబోలు" అని తనని చూసి తనే నవ్వుకునేవాడు. పొద్దున్న షట్టరు ఎత్తేసరికి మళ్ళీ మామూలే.

అలా ఉండగా ఆయన బుర్రలో ఒక ఉపాయం తళుక్కుమంది. దగ్గరచూపు ఎలా ఉందో చూడ్డానికి చేతికి ఒక కార్డు ఇస్తారు కదా, పైన పెద్ద అక్షరాలు, కిందికి వచ్చేకొద్దీ చీమ తలకాయంత అక్షరాలు! కంపెనీవాళ్ళిచ్చిన కార్డు మీద ఆవు పాలిచ్చును, సూర్యుడు ఉదయించును అని పిల్లల వాచకంలా ఏదో ఉండేది. దాన్ని తీసి అవతల పారేసి, తన నవల మొదటి పేజీని అదే వరసలో అచ్చు వేయించి పెట్టాడు. ఇక ఎవడు తప్పించుకుంటాడో చూద్దాం అనుకున్నాడు.

"చదవండి."

"ఆ ఉదయం నది ఎవరినీ పిలవలేదు. ఒడ్డున నిలబడిన మనిషికి ఆ మౌనం కొత్త..."

"ఎలా ఉంది?"

"బాగా కనబడుతోందండీ."

"కనబడడం కాదు. మనసుకి ఎలా ఉంది?"

"మనసుకి కూడా అద్దాలు పడతాయా ఏమిటండీ, ఖర్మ!"

ఒకసారి ఒకాయన ఆఖరి లైను దాకా చదివి, తల ఎత్తి "తర్వాత?" అన్నాడు. కళ్ళద్దాలాయనకి ఏనుగెక్కినట్టయింది. బల్ల సొరుగులోంచి నవల తీసి ఆయన చేతిలో పెట్టేశాడు. పాపం ఆయన అడిగింది రెండో కన్ను సంగతి.

ఇదంతా ఒక ఎత్తు, అక్క ఒక ఎత్తు.

అక్క ఆయనకన్నా బాగా పెద్దది. చిన్నప్పుడు ఆయనని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదవడం నేర్పింది ఆవిడే. తర్వాత ప్రింటింగ్ ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే పనిలో చేరి, రిటైరయ్యేదాకా అదే పని చేసింది. ఎంత పేరున్న పుస్తకమైనా ఆవిడ చేతికి వస్తే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పడమే. "మొదటి సగం చింపేస్తే మంచి నవలేరా" అనేది. "ఇందులో హీరోకి పని లేదు, రాసినవాడికి అంతకన్నా లేదు" అనేది. ఆదివారం ఆదివారం ఆయన సంచీలో ఒక పుస్తకం పెట్టుకుని రెండు వీధుల అవతలున్న అక్క ఇంటికి వెళ్ళడం, అంతకుముందు ఇచ్చిన పుస్తకానికి చివాట్లు తిని రావడం. అన్ని పుస్తకాలు ఇచ్చాడు కానీ వంతెన నవల మాత్రం భయపడి ఇవ్వలేదు. ఊరంతా కాదన్నా ఫర్వాలేదు. అక్క కాదంటే మాత్రం ఇన్నేళ్ళూ తను జనం ప్రాణాలు తోడింది ఒక చెత్త పుస్తకం కోసమని తేలిపోతుంది. అక్క "బాగుంది" అంటే తన తలకాయలో నిజంగానే ఏదో ఉన్నట్టు. ఆయన లెక్క అది.

ఈమధ్య ఒక ఏడాదిగా ఏమైందో ఏమో, అక్క మెత్తబడింది. ఏ పుస్తకం ఇచ్చినా "బాగుందిరా, చాలా బాగుంది" అనడం మొదలుపెట్టింది. కళ్ళద్దాలాయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "చూశావా, అక్కకి నా అభిరుచి వంటబట్టింది" అన్నాడు భార్యతో. "అభిరుచో, వదినగారి ఓపికో!" అని ఆవిడ కూరగాయలు తరుక్కుంటూ అంది. ఆయన పట్టించుకోలేదు. ఆ ఊపులో ధైర్యం చేసి వంతెన నవల కూడా అక్క చేతిలో పెట్టేశాడు. కొన్నాళ్ళాగి భయంభయంగా అడిగాడు.

"బాగుందిరా" అంది అక్క.

"ముగింపు?"

"ముగింపు ఇంకా బాగుంది."

ఆయన ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, గాల్లో తేలుతూ వచ్చాడు.

తర్వాత కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం అక్క షాపుకి వచ్చింది. కళ్ళజోడు కాడ వదులైందట. ఆ సరికి షాపులో ఒక బస్సు డ్రైవరు కూర్చుని తన వంతు కోసం చూస్తున్నాడు. కళ్ళద్దాలాయన చిన్న స్క్రూడ్రైవరుతో కాడ బిగించి, ముక్కు దగ్గర ప్యాడ్లు తుడిచి, "ఎలాగూ వచ్చావు కదా అక్కా, ఒకసారి దగ్గరచూపు చూసేద్దాం" అన్నాడు.

"ఇప్పుడెందుకులేరా."

"ఒక్క నిమిషం." కార్డు చేతిలో పెట్టాడు.

అక్క కార్డు ముఖానికి ఎదురుగా పట్టుకుంది. "ఆ ఉదయం నది ఎవరినీ పిలవలేదు" అని మొదలుపెట్టి గడగడా సాగిపోయింది. కళ్ళద్దాలాయన కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ వెంటే వెళ్ళాడు. పడుచువాళ్ళు కూడా గుడ్లప్పగించే ఆఖరి లైనుని ఆవిడ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. ఒక్క తప్పు లేదు.

"చూశారా!" అన్నాడు డ్రైవరు వైపు తిరిగి. "ఈ వయసులో ఈ చూపు! మా అక్కండీ!"

డ్రైవరు మర్యాదకి తల ఊపి, తనూ ఆ కార్డు అందుకున్నాడు. "ఇనుప దూలాలు బండ్ల మీద వచ్చిన రోజున ఊరు ఇంకా లేవలేదు" అని చదివాడు.

"పైనుంచి చదవండి."

"పైనుంచేనండీ. ఇనుప దూలాలు..."

"అయ్యో, దూలాలేమిటండీ! అక్కడ నది ఉంది కదా. మీ చూపు బాగా దెబ్బతిన్నట్టుంది."

డ్రైవరు ముఖంలో రంగు పోయింది. "అదేమిటండీ బాబూ, నేను బస్సు నడిపేవాణ్ణి! నదీ లేదు, గిదీ లేదు ఇక్కడ. మీరే చూడండి."

కళ్ళద్దాలాయన కార్డు లాక్కుని చూశాడు. ఇనుప దూలాలే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. పాత కార్డు అందరికీ కంఠతా వచ్చేసిందని, మొన్ననే దాన్ని తీసేసి రెండో అధ్యాయంతో కొత్తది అచ్చు వేయించింది ఆయనే.

అక్క సంచీ జిప్పు లాగుతోంది, మూస్తోంది. తల ఎత్తడం లేదు.

"మీరు సాయంత్రం రండి సార్" అన్నాడు డ్రైవరుతో.

"మరి నా చూపో?"

"మీ చూపు బ్రహ్మాండంగా ఉంది. పోయింది నాది."

డ్రైవరు వెళ్ళాక ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చి, అక్క ఎదురుగా చిన్న స్టూలు మీద కూర్చున్నాడు. అక్కే మాట్లాడింది.

"నడిమధ్యన మసకరా. చుట్టూ అంచులు బాగానే కనబడతాయి. నడవడానికీ, వండుకోవడానికీ ఢోకా లేదు. అక్షరం మాత్రం నిలవదు. ఇప్పుడు నిన్ను చూస్తున్నానా, నీ చెవులు రెండూ కనబడుతున్నాయి. ముక్కు లేదు."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించకుండా ఉంటానా? అద్దాలతో వచ్చేది కాదట. ఉన్నది పోకుండా సూదులు వేస్తున్నారు."

"మరి ఈ జోడు ఎందుకు బాగుచేయించుకున్నావే?"

"పెట్టుకోకపోతే ఏమైందని అడుగుతావుగా!"

"అయితే ఏడాదిగా నువ్వు బాగుందన్న పుస్తకాలు?"

"అబద్ధం ఏం చెప్పాను? అట్టలు నున్నగా ఉన్నాయి. వాసన బాగుంది." అక్క నవ్వబోయి ఆగిపోయింది.

కళ్ళద్దాలాయనకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో ఎవరి కంట్లో నలుసున్నా కనిపెట్టేవాడు, ప్రతి ఆదివారం ఆవిడ ఎదురుగా కూర్చుని ఆవిడ కళ్ళలోకి చూస్తూనే ఉన్నాడు. చూసింది దేనికోసం? తన పుస్తకానికి ఎన్ని మార్కులు పడతాయా అని. ఇంతకన్నా గుడ్డితనం ఇంకేముంటుంది?

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు పుస్తకం లేకుండా మా ఇంటికి ఎప్పుడైనా వచ్చావా? జ్ఞాపకం తెచ్చుకో."

తెచ్చుకోబోయాడు. ఒక్కసారీ తగల్లేదు.

"పుస్తకం ఇవ్వడానికి వస్తావు. ఎలా ఉందో అడగడానికి వస్తావు. చదవలేనురా అంటే ఇంక ఏ పని పెట్టుకుని వస్తావు? ఆదివారం పొద్దున్నే గేటు చప్పుడు కోసం చూస్తూ కూర్చుంటాను. అది పోతుందని భయమేసింది. అంతే."

కళ్ళద్దాలాయన చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. ఏం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు ఆయన చేతులు పోయేది ఎప్పుడూ ఒక్క చోటికే. సొరుగు లాగి వంతెన నవల బయటికి తీశాడు. మొదటి పేజీ తెరిచి పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ఆ ఉదయం నది ఎవరినీ పిలవలేదు..."

"ఆగాగు" అంది అక్క.

"ఏమైంది?"

"నీ షాపులో వినీ వినీ ఈ పేజీ కంఠతా వచ్చేసింది. ఎన్నాళ్ళుగానో అడగాలని నాలుక పీకుతోంది. నది ఎవరినైనా ఎప్పుడైనా పిలిచిందిరా? ఆ ఒక్క ఉదయమే పిలవడం మానేసినట్టు ఏమిటా కోత? సరే, కానీ."

ఆయన కానిచ్చాడు. పేజీ తిరిగేలోపు ఆవిడ రెండు విశేషణాలు కొట్టేయించింది. రెండో పేజీకి రాగానే, ఇంజనీరు గొడుగు మొదట నల్లది, ఇప్పుడు నీలం ఎలా అయిందని నిలదీసింది. గొడుగు సంగతి ఆయన ఎన్నిసార్లు చదివినా కనిపెట్టలేదు.

"ఇదా! ఇన్నేళ్ళూ జనాన్ని పట్టుకుని పీడించింది ఈ సోది కోసమా? ఏముందిరా ఇందులో?"

"నువ్వే కదా ముగింపు ఇంకా బాగుందన్నావు!"

"అప్పుడు చదవలేదు కదా, అందుకే బాగుంది."

ఆయనకి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. పుస్తకం పరువు గంగలో కలిసిపోయింది, అక్క మాత్రం మళ్ళీ అక్కలా ఉంది. ఏడాదిగా ఆ మెచ్చుకోళ్ళన్నీ విని పొంగిపోయాడు కానీ, ఇలా తిట్టించుకుంటే ఉన్నంత హాయిగా ఒక్కనాడూ లేదు.

"పోనీలే అక్కా, ఆదివారం ఇంకో మంచి పుస్తకం తెచ్చి చదువుతాను."

"ఇంకోటి తెచ్చావంటే ఊరుకోను. ఇదే తీసుకురా. ఆ దిక్కుమాలిన వంతెన కట్టేదాకా నిన్ను వదిలేదే లేదు."

ఆయన పుస్తకం మూసి చేత్తో తూచి చూశాడు. ఆరువందల పేజీలు. మొట్టమొదటిసారి అది మరీ చిన్న పుస్తకమేమో అనిపించింది.