సంసోను ఎక్కని లిఫ్టు

ఖానాపురం హవేలిలోని ఆ అపార్ట్‌మెంటు లిఫ్టు ఎంత నిదానమంటే, కింద పెళ్లికొడుకుగా ఎక్కినవాడు పైన తాతై దిగుతాడు. ఈ మాట పుట్టించింది సంసోనే. పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టులు చేసి చేసి, రిటైరయ్యాక మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. మనిషి ఏనుగంత. ఆయన ఎక్కితే లిఫ్టు కాసేపు ప్రార్థన చేసుకుని గాని కదిలేది కాదు. కాళ్లు పడిపోయాక కూడా చక్రాల కుర్చీలో, అదే లిఫ్టులో మహారాజులా ఊరేగాడు.

ఇప్పుడా సంసోను గేటు బయట అంబులెన్సులో ఉన్నాడు. పొద్దున దవాఖానాలో ప్రాణం పోయింది. పక్కన భార్య విశ్రాంతమ్మ కూర్చుంది.

"నన్ను మన హాల్ల పండబెట్టి, పాటలు పాడినంకనే సమాధుల తోటకు తీస్కపోవాలె" అని పోయేముందు ఆయన ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు. సరేనంది. ఆ మాట నిలబెట్టుకోవడం తప్ప ఆమెకిప్పుడు లోకంలో వేరే పని లేదు.

గేటుకు తాళం. లోపల అసోసియేషన్ ప్రెసిడెంటు బాలకృష్ణ.

"అక్కా, నాకూ బాధనే. కానీ శవాన్ని లోపలికి తేవద్దని మనమే తీర్మానం చేసుకున్నం గదా. పిల్లలు భయపడ్తరు. గా లిఫ్టుల రేపు ఎవలెక్కుతరు?"

"ఎప్పుడు చేసుకున్నం?"

"నిరుడు, కిరాయికున్న ముసలాయన పోయినప్పుడు. అందరికంటే గట్టిగ ఒప్పుకున్నది అన్ననే."

విశ్రాంతమ్మకు గుర్తొచ్చింది. పార్కింగులో మీటింగు. బాలకృష్ణ ఎంతసేపు మాట్లాడాడంటే కూర్చున్న కుర్చీలకే కునుకు పట్టింది. సంసోను గురక పెడుతున్నాడు. చివర్లో బాలకృష్ణ గొంతు పెంచి "అందరికీ సమ్మతమేనా?" అన్నాడు. చర్చిలో పాస్టరు గొంతు పెంచినప్పుడల్లా మేలుకునే పాత అలవాటు కొద్దీ, సంసోను కళ్లు తెరవకుండానే "ఆమేన్!" అని అరిచాడు. వైరా దాకా పావురాలు లేచిపోయాయి. అందరూ నవ్వుతూ చేతులెత్తారు. ఆమె కూడా నవ్వింది. ఆమె కూడా ఎత్తింది.

కొడుకు క్రాంతికుమార్ గేటు పట్టుకుని ఊపాడు. "ఏంది సార్ మీ తీర్మానం? ఫ్లాటు మాది. లిఫ్టు, మెట్లు, గీ గేటు, అన్నిట్ల మాకు వాటా ఉందని రిజిస్ట్రేషన్ కాయితంల ఉన్నది. మీరు చేతులెత్తితే మా హక్కు పోతదా?"

"పోదు బిడ్డా. కోర్టుకు పో. నువ్వే గెలుస్తవు."

"గెలిచేదాంక మా నాయన ఆగుతడా?"

బాల్కనీల నిండా జనం. ఏటా క్రిస్మస్‌కు ఆమె పంచిన కేకు తిన్న నోళ్లే అన్నీ. ఒక్కటీ తెరుచుకోలేదు. ఎండకు అంబులెన్సు రేకు మీద దోసె పోస్తే కాలేలా ఉంది.

విశ్రాంతమ్మ దిగి గేటు దగ్గరకొచ్చింది. "నేనైతే రావచ్చా తమ్మీ? నేనింకా బతికే ఉన్న."

తాళం తీశాడు. ఆమె కొడుకునూ, అంబులెన్సు వెంట వచ్చిన చర్చి మనుషులనూ వెంటబెట్టుకుని పైకి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు వాళ్ల భుజాల మీద ఇంటి తలుపుంది. భద్రాచలం అడవి టేకు. ఆ చెట్టుకే పులి గోళ్లు గీక్కునేదని, అందుకే దొంగలు ఆ తలుపు ముట్టరని సంసోను వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

"గిదేందక్కా?"

"మా తలుపు. దీంట్ల మీ కమిటీకి వాటా లేదు గదా?"

రోడ్డు పక్కన ఇటుకల మీద తలుపు పరిచి, సంసోనును దాని మీద పడుకోబెట్టారు. షేరు ఆటోలు పక్కనుంచి వెళ్లాయి. పాటలు పాడారు. ఇది హాలు కాదని విశ్రాంతమ్మకు తెలుసు. సంసోనుకు మాత్రం చెప్పలేదు. పాస్టరు ప్రార్థన ముగించగానే అందరూ ఆమేన్ అన్నారు. ఆమె మాత్రం అనలేదు.

సమాధుల తోట నుంచి వచ్చాక తలుపు మళ్లీ బిగించలేదు. హాల్లో, ఆయన పడుకోవాల్సిన చోట పరిచింది. గుమ్మానికి చక్రాల కుర్చీ అడ్డం పెట్టుకుంది. లిఫ్టు సరిగ్గా ఆ గుమ్మానికి ఎదురుగా తెరుచుకుంటుంది. అప్పటినుంచి ఎవరు ఏ బటన్ నొక్కినా అది మూడో అంతస్తులో ఆగి, తన నిదానంతో తాను తెరుచుకుంటోందని అక్కడివాళ్లు ఒట్టేసి చెబుతారు.

ఒకనాడు బాలకృష్ణ అందులోంచే, దిగకుండా, తల వంచుకుని అన్నాడు. "అక్కా, తలుపు పెట్టించుకో. పిల్లలు భయపడ్తున్నరు."

"తీర్మానం చేసుకోండ్రి తమ్మీ" అంది విశ్రాంతమ్మ, తలుపు పక్కన నేల మీద కూర్చునే. "ఈసారి ఆమేనంటానికి ఆయన లేడు."

లిఫ్టు మూసుకోవడానికి చాలాసేపు పట్టింది.