అవతలి పిడి

మా రంపానికి రెండు పిడులు. ఇవతలిది నాది, అవతలిది మా బావమరిదిది. మేమిద్దరం దుంగ కోస్తుంటే లేచే పొట్టుకు సూర్యుడు మరుగుపడి, పొద్దుగూకిందనుకుని కోళ్ళు గూట్లో దూరేవని చెబితే మా ఆవిడ నమ్మదు. "మీ రంపం కంటే మీ నోరే ఎక్కువ కోస్తుంది" అంటుంది.

ఇద్దరు పట్టే రంపానికి నీతి ఒక్కటే. ఎవరి వైపు వాళ్ళు లాగాలి, తొయ్యకూడదు. తోస్తే రంపపు రేకు వంగుతుంది. అవతలివాడు లాగుతాడన్న ధైర్యం మీదే పనంతా నడుస్తుంది. నా పెళ్ళినాటికి వాడు లాగూల పిల్లాడు. మీసాలొచ్చింది మొదలు ఆ పిడి వాడిదే.

మా వంటింటి తలుపు అడుగుభాగం చెదలు తినేసింది. చెక్క పలక బజార్లో కొనడం నాకు నామోషీ. అది విని వాడే వాళ్ళ పెరట్లో కొట్టిన చెట్టు దుంగ తోలించుకొచ్చాడు.

"వెన్నముద్ద బావా! ఒక్క ముడి లేదు. తలుపుకు పోగా మిగిలింది ఏడాది పొయ్యికి."

"ఊరికే ఇస్తున్నావా? ఇవాళ పొద్దు ఎటు పొడిచిందిరా?"

"అక్క ఇంటికి కాక ఎవరికిస్తాను!"

కళ్ళు చెమర్చినంత పనైంది. నలుసు పడిందన్నాను.

దుంగను కొయ్యల మీదికెత్తి, దొర్లకుండా బిగించి మొదలెట్టాం. సగం దాకా వాడన్నట్టు వెన్నే. ఉన్నట్టుండి తేనెరంగు పొట్టు నల్లగా రాలసాగింది, సిరా ఒలికినట్టు. అదేమిటా అని నేననుకునే లోపే వాడు పిడి వదిలేశాడు.

"నడుం పట్టేసింది బావా. నువ్వు కానీ, ఇప్పుడే వస్తా."

"ముసలాణ్ణి నేనా, నువ్వా?" అంటూ ఒంటిగా లాగాను. కిర్రుమంది. నా పళ్ళు జివ్వుమన్నాయి. రంపం పళ్ళయితే వరసగా ఊడాయి. మా నాన్న పట్టిన రంపం! తీసి చూస్తే కోత లోపల, నల్లబడ్డ చెక్క మధ్య ఇనుము మెరుస్తోంది.

మంచినీళ్ళు తెచ్చిన మా ఆవిడ వంగి చూసింది. "ఇదా! మా చిన్నప్పటి ఉయ్యాల కొక్కెం. నాన్న దిగ్గొడితే చెట్టు మింగేసింది. అందుకేగా కోతమిల్లువాళ్ళు ఈ దుంగ వద్దన్నది. మీకు చెప్పే తెచ్చానన్నాడే?"

గ్లాసు అందుకోకుండానే వాడి వైపు తిరిగాను. వాడు అరుగు మీద కూర్చుని కుడివైపు నడుం రాసుకుంటున్నవాడల్లా, నన్ను చూసి ఎడమవైపు రాసుకోవడం మొదలెట్టాడు.

"నీకు తెలుసా?"

"ఆ ఒక్కచోటే బావా. రంపానికి తప్పిపోతుందేమో అనుకున్నా."

"అందుకని నువ్వు తప్పుకున్నావా? ముందే చెబితే ఆ ముక్క గొడ్డలితో చీల్చేవాణ్ణి కదరా!"

"చెబితే తీసుకునేవాడివా? మిల్లువాళ్ళు వద్దన్నాక అది పెరట్లో అడ్డంగా పడుంది... కొత్త రంపం కొనిస్తాలే."

"నేనడిగింది రంపం గురించి కాదు."

వాడు అరుగు దిగాడు. నడుంనొప్పి మాట మరిచిపోయి చకచకా నడిచి వెళ్ళాడు.

ఆకురాయితో మిగిలిన పళ్ళకు పదును పెట్టుకున్నాను. ఊడినచోట ఊడినట్టే ఉంది. ఈ రంపంతో ఒక్కడే కొయ్యాలంటే అవతలి పిడి తీసెయ్యాలి, లేకపోతే ఆ బరువుకు కొస ఊగుతుంది. తీశాను. వాడి వేళ్ళు పట్టేచోట గుంటలుపడి, నున్నగా ఉంది. చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాను.

నాలుగు రోజులాగి, నేను దుంగ కోస్తుంటే వాడు ఏమీ జరగనట్టే వచ్చాడు, తలకు తువ్వాలు చుట్టుకుని.

"నా పిడేది బావా?"

"నిన్న నీళ్ళపొయ్యిలో పెట్టా. ఏం మహిమరా దానిది! ఆ ఒక్క కొయ్యకే అండా నీళ్ళూ సలసలా మరిగాయి."

వాడు పడీపడీ నవ్వాడు. "నీ గొప్పలు మారవు బావా!" నవ్వుతూనే దుంగ అవతలికి వెళ్ళి, గొంతుక్కూర్చుని, అలవాటుగా చెయ్యి చాపాడు. పట్టుకోవడానికి ఏమీ లేదు. పక్కనే ఉన్న నీళ్ళపొయ్యి వైపు చూశాడు. బూడిదలో పిడికి బిగించిన ఇనుప కట్టు కనిపించింది.

"నిజంగానే?"

నేను లాగాను. తిరిగి వెళ్ళడానికి రంపాన్ని నేనే తోశాను. కాస్త వంగింది. వంగనీ.