గోడ అవతల నుంచి

జెట్‌ని నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు పొగ మేస్త్రి. కార్బురేటర్‌లో ఉండే చిన్న ఇత్తడి ముక్క అది, మధ్యలో సూది మొనంత కన్నం. పెట్రోలు చేదు నాలుకకి తగిలింది. పక్కకి ఉమ్మేసి, జెట్‌ని వాకిలి వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. కన్నంలోంచి వెలుతురు కనిపించాలి. కనిపించలేదు. బ్రష్షులోంచి ఒక పోచ పీకి, కన్నంలో దూర్చి తిప్పి, మళ్లీ ఊది, మళ్లీ ఎత్తాడు. ఈసారి కనిపించింది, ఉప్పురవ్వంత వెలుతురు.

దాన్ని చూస్తూనే ఎడమ చెయ్యి పక్కకి చాపి, అరచేతిని గోడకి ఆనించాడు. రోజూ ఈ వేళకి ఆనిస్తాడు. కాసేపటికి అరచేతి కింద గోడ ఒక్కసారి అదిరింది.

వెనక గదిలో వాళ్లావిడ లేచింది.

పాలు వెచ్చబెట్టి, వేడి గ్లాసుని తువ్వాలు కొసతో పట్టుకుని లోపలికి వెళ్లాడు. మంచం గోడని ఆనుకునే ఉంది. కిటికీ పక్కకి జరుపుతానని ఎంత మొత్తుకున్నా ఆవిడ వినలేదు. గుండె నీరసించిపోయింది, ఇంక మేం చేసేదేం లేదు ఇంటికి తీసుకెళ్లండి అని ఆస్పత్రివాళ్లు పంపించేసిన మనిషికి గాలి కావాలి గానీ గోడ ఎందుకు చెప్పండి? అయినా సరే, గోడే కావాలంది.

"ఇవాళ ఇచ్చేస్తారా దాన్ని?" అంది ఆవిడ, ముఖం ఆయన వైపు తిప్పి, పెదాలు బాగా కదిలిస్తూ. ఆయనతో ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది.

"ఇచ్చెయ్యాలి. రేపట్నుంచి పిల్లకి ఉద్యోగం."

"నిన్నంతా దగ్గుతూనే ఉంది."

"ఎవరు, నువ్వా, బండా?"

"ఇద్దరం," అని నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే దగ్గయిపోయింది. ఆయన వీపు నిమిరి, గ్లాసు నోటికి అందించాడు. రెండు గుక్కలు తాగి చాలంది.

బండి ఎంత చిన్నదంటే, కాస్త ఒళ్లున్న మనిషి ఎక్కితే మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతాయి. పాతకాలం టూ స్ట్రోక్. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి, తన్నగానే నీలంగా పొగ కక్కుతుంది, ఆ పొగకో వాసన ఉంటుంది, అది ఒకసారి చొక్కాకి పట్టిందంటే ఎన్ని ఉతుకులు ఉతికినా వదలదు! ఇలాంటి బండ్లు రోడ్డు మీద కనపడకుండా పోయి ఎన్నాళ్లయిందో. వీధిలో మిగతా మెకానిక్కులంతా కొత్త బండ్లకి మారిపోయారు. ఈయన ఒక్కడే మారలేదు. అందుకే పొగ మేస్త్రి అయ్యాడు.

ఈ బండిని ఒక అమ్మాయి తోసుకుంటూ తీసుకొచ్చింది. రెండు టైర్లూ గాలి పోయి నేలకి అంటుకుపోయి ఉన్నాయి, సైలెన్సర్లో ఎలుక పిల్లల్ని పెట్టింది, పిస్టన్ తుప్పుపట్టి కదలనంటోంది. వాళ్ల తాత పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఫోటోలు తీసే మనిషట, కెమెరా స్టాండుని ట్యాంకు మీద అడ్డంగా పెట్టుకుని ఊరంతా ఈ బండి మీదే తిరిగేవాడట. ఆ స్టాండు తగిలీ తగిలీ ట్యాంకు మీద ఒక సొట్ట పడింది. "అన్నీ బాగు చెయ్యండి తాతా, ఆ సొట్ట మాత్రం ముట్టుకోకండి," అంది అమ్మాయి. సొట్ట తియ్యడమే గొప్ప పని అనుకునే మేస్త్రికి కూడా ఆ మాట ఎంత నచ్చిందో! ట్యాంకుకి మళ్లీ పాత వంకాయ రంగే వేయించాడు, సొట్టతో సహా.

అమ్మాయిది కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం. ప్రతి గుమ్మం ముందూ ఆగాలి, మీటరు చూడాలి, మళ్లీ కదలాలి. ఆగినప్పుడల్లా ఇంజిన్ ఆరిపోతే ప్రతి గుమ్మం దగ్గరా కిక్కు కొట్టాలి. సాయంత్రానికి ఆ పిల్ల కాలు ఏం కావాలి? కాబట్టి ఈ బండి ఎంత జోరుగా పోతుందనేది లెక్క కాదు, ఆగి ఉన్నప్పుడు ఆరిపోకుండా ఎంత నెమ్మదిగా ఊపిరి పీలుస్తుందనేదే లెక్క. ఆ నెమ్మది అంతా కార్బురేటర్ పక్కనుండే ఒక చిన్న స్క్రూలో ఉంటుంది. దాన్ని చప్పుడు విని తిప్పాలి.

మేస్త్రికి చెవులు వినపడవు.

ఇన్నేళ్లూ ఇంజిన్ల పక్కన తల పెట్టి పెట్టి, ఎప్పుడు పోయాయో కూడా తెలియకుండా పోయాయి. ఒకరోజు ఆయన ఒక బండి ట్యూన్ చేసి తృప్తిగా చేతులు తుడుచుకుంటుంటే, ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, "అది అంతలా ఏడుస్తుంటే పంపించేస్తారేంటి, వినపడట్లేదా?" అంది. "వినపడుతోందిలే," అన్నాడు. ఆవిడ ఆయన ముఖంలోకి కాసేపు చూసి, లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు ఆయన స్క్రూ తిప్పుతుంటే గోడ అదిరింది. అవతల నుంచి గరిటెతో కొడుతోంది! ఆయన స్క్రూని ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. చప్పుడు కుదిరేదాకా కొట్టి, కుదిరాక ఆపేసింది. అలా అలా ఒక పద్ధతి ఏర్పడింది. ఒక దెబ్బ కొడితే విప్పాలి. రెండు కొడితే బిగించాలి. ఏమీ కొట్టలేదంటే సరిపోయిందని అర్థం. దీని గురించి ఆ ఇద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఏం మాట్లాడతారు?

మంచం పట్టాక గరిటె చేతిలోంచి జారిపోతోందని, ఈ బండిలోంచి తీసిన పాత పిస్టన్ పిన్ను శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. వేలెడంత ఉక్కు గొట్టం. పిడికిట్లో ఇమిడిపోతుంది, దానికదే బరువు, ఊరికే గోడ మీద వాల్చినా చాలు. "నగలు చేయించమంటే ఇదా చేయించారు?" అంది ఆవిడ, దాన్ని దిండు కింద దాచుకుంటూ.

పొద్దెక్కాక మేస్త్రి కార్బురేటర్ బిగించి, సైలెన్సర్‌కి రబ్బరు గొట్టం తొడిగాడు. రెండో కొస వీధిలో ఉంటుంది. ఆవిడ ఊపిరికి పొగ తగలకూడదని చేసిన ఏర్పాటు అది. ఎదురుగా టైర్ల కొట్టు. ఆ కొట్టతను ట్యూబుని నీళ్లతొట్టిలో ముంచుతూ అరిచాడు. అరిచి లాభం లేదని గుర్తొచ్చి, లేచి వచ్చి ఎదురుగా నిలబడి మళ్లీ అన్నాడు.

"పొగంతా నా మీదికి వదులుతున్నావేంటి బావా? దోమనా నేను?"

"దోమవైతే ఈపాటికి చచ్చుండేవాడివి."

"మా అక్కయ్య ఎలా ఉందివాళ?"

"నవ్వింది."

"నిన్ను చేసుకుని కూడా నవ్వుతోందంటే గట్టి మనిషే," అని వెళ్లిపోయాడు. వరస కలుపుకున్న తమ్ముడే గానీ, ఆ తమ్ముడు ఆవిణ్ని చూడని రోజు లేదు. మేస్త్రికి చెవులు పోయిన సంగతి వీధిలో ఎవరికీ తెలియదని మేస్త్రి నమ్మకం. వీధంతా ఆయన ఎదురుగా వచ్చి నిలబడే ఎందుకు మాట్లాడుతుందో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

కిక్కు కొట్టాడు. ఒకటి. ఇంకొకటి. మూడోదానికి బండి ఒళ్లు విరుచుకుని లేచింది, నట్లు పోసిన రేకు డబ్బా బల్ల మీద వణికింది. ఆయనకి ఇంజిన్ అంటే అదే, అరికాళ్లలోంచి ఎక్కే ఒక వణుకు. కుడిచేత్తో స్క్రూ డ్రైవర్, ఎడమ అరచెయ్యి గోడ మీద. రెండు దెబ్బలు. బిగించాడు. మళ్లీ రెండు. ఇంకాస్త. కాసేపు ఆగి, ఒకటి. రవ్వంత విప్పాడు. ఇంక ఏమీ లేదు. సరిపోయింది!

చేతులు తుడుచుకోబోతుంటే కార్బురేటర్ కింద ఒక చుక్క మెరిసింది. పెట్రోలు కారుతోంది. లోపలి వాషరు పట్టలేదు. మళ్లీ అంతా విప్పాలి, అంటే మళ్లీ మొదటికొచ్చింది.

అప్పుడే అమ్మాయి వచ్చింది, కొత్త బూట్లతో, రేపటి ఉద్యోగం బ్యాగు ఇవాళే భుజాన వేసుకుని.

"అయిపోయిందా తాతా?"

"అయినట్టే అయ్యి కాలేదు. కూర్చో."

కూర్చునే రకమా అది! బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది, సొట్టలో బొటనవేలు పెట్టి చూసుకుంది, తిన్నగా వెనక గదిలోకి వెళ్లి ఆవిడ మంచం మీదే కూర్చుంది. "అమ్మమ్మా, ఆగినప్పుడు బండి ఎలా మోగాలి? నాకు తెలియాలిగా."

ఆవిడ మాట కోసం ఊపిరి కూడదీసుకుంది. "పిల్లి నిద్రపోతూ గుర్రు పెడుతుంది చూడు, అలా ఉండాలి. ఎక్కడా తెగకూడదు. తెగిందా, ఆయన ఎంత చెప్పినా వినకు, వెనక్కి తీసుకొచ్చెయ్."

"తాత బాగానే చేస్తారు కదా?"

"చేస్తారు," అంది ఆవిడ. "నేను కొడతాను, ఆయన చేస్తారు."

అమ్మాయికి ఆ మాట అర్థం కాలేదు, అయినా నవ్వేసింది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంటే దుప్పటి పైకి లాగింది. ఆవిడ దిండు కింద తడుముకుని, పిన్ను పిడికిట్లోకి తీసుకుని, కళ్లు మూసుకుంది.

అమ్మాయి బయటికొచ్చి బండికి అవతల, ఎదురుగా కూర్చునేసరికి మేస్త్రి కొత్త వాషరు వేసి ఆఖరి బోల్టు బిగిస్తున్నాడు.

"అమ్మమ్మ కళ్లు మూసుకుంది తాతా. మొదలుపెట్టమను, నేను వింటున్నా అంది."

మేస్త్రి తల ఊపాడు. కిక్కు కొట్టాడు. ఈసారి మొదటి కిక్కుకే లేచింది. స్క్రూని అటూ ఇటూ కాకుండా మధ్యకి తెచ్చి, అరచేతిని గోడకి ఆనించాడు.

గోడ ఊరుకుంది.

ఇంకాస్త ఆగాడు. ఇంత తొందరగా ఆవిడ ఎప్పుడూ ఒప్పుకోలేదు. పెళ్లైన కొత్తలో ఆయన కొన్న చీర నుంచి నిన్నటి పాల వేడి దాకా ఏదో ఒక వంక పెట్టకుండా ఒప్పుకున్న మనిషి కాదు. వేళ్లు బాగా విప్పి, చెయ్యంతా ఒత్తి పట్టాడు. ముంజేతిని కూడా ఆనించాడు. గోడ ఊరుకునే ఉంది. ఆయన ముఖంలో నెమ్మదిగా ఏదో వెలిగింది. ఒక్క దెబ్బ లేకుండా! ఒక్క మాట అనిపించుకోకుండా! చెవులు పోయాక ఇదే మొదటిసారి.

"తీస్కో," అన్నాడు అమ్మాయితో. "వీధి చివరిదాకా వెళ్లిరా. ఆగి ఆగి వెళ్లు."

రబ్బరు గొట్టం పీకేశాడు. అమ్మాయి ఎక్కి, నోరంతా తెరిచి ఏదో అరిచింది, ఆనందమే అయ్యుంటుంది. వంకాయ రంగు ట్యాంకు ఎండలో తళుక్కుమంది. బండి గేటు దాటుతుంటే ఎదురుకొట్టు అతను చేతిలో ట్యూబుతో లేచి నిలబడ్డాడు. వెళ్తున్న బండి వంక చూశాడు, మేస్త్రి వెనకున్న గోడ వంక చూశాడు. ఏదో చెప్పాలని ఒక అడుగు వేశాడు కూడా. కానీ మేస్త్రి ముఖం అంత సంబరంగా ఉండడం చూసి, మళ్లీ తొట్టి దగ్గర కూలబడ్డాడు.

మేస్త్రి చేతులు కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లో కూడా రుద్దుకున్నాడు, ఏదో పెద్ద పని మీద వెళ్లేవాడిలాగ. వెనక గది గుమ్మంలో నిలబడి, నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"ఏంటే, ఒక్కసారి కూడా కొట్టలేదు? నాకూ వచ్చేసిందన్నమాట పని!"

ఆయన మాట్లాడితే ఆవిడ ముఖం ఇటు తిప్పుతుంది. ఎంత ఒంట్లో బాగోకపోయినా తిప్పుతుంది. తిప్పకపోతే ఆయనకి మాట అందదని తెలుసు కాబట్టి తిప్పుతుంది.

తిప్పలేదు.

ఆయన నడుం మీంచి చేతులు తీసేశాడు. వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. ఎడమ అరచేతిని ఆవిడ గుండెల మీద ఆనించి, వేళ్లు బాగా విప్పి, గోడ దగ్గర ఆగినట్టే ఆగాడు. ఒకటా, రెండా? చాలాసేపు ఆగాడు.

బయట అమ్మాయి బండిని తోసుకుంటూ వచ్చింది. గేటు దగ్గర నుంచే "తాతా! తాతా!" అని పిలిచింది, స్టాండు వేసి మళ్లీ పిలిచింది, ఎవరూ పలక్కపోయేసరికి లోపలికి వచ్చేసింది.

"గుర్రులా లేదు తాతా, తెగిపోతోంది. ఆగితే చాలు ఆరిపోతోంది. అమ్మమ్మ ఏమంటుందో..."

ఆయన తల తిప్పలేదు. ఆయన వీపు తనకేసి ఉందని, వీపు వైపు నుంచి ఏం చెప్పినా ఈ మనిషికి చేరదని అమ్మాయికి మొదటిసారి తెలిసింది. మంచం చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చింది. అప్పుడు ఆవిణ్ని చూసింది.

మేస్త్రి అమ్మాయి పెదాల వంక చూశాడు. అవి కదలడం లేదు.

"కొట్టలేదమ్మా," అన్నాడు. "ఒక్కసారి కూడా కొట్టలేదు."

ఆవిడ పిడికిలి సగం విచ్చుకుని ఉంది. పిస్టన్ పిన్ను అందులోంచి జారి, మంచానికీ గోడకీ మధ్య నలిగిన దుప్పటి మడతలో పడి ఉంది, పొద్దుటి దెబ్బలకి అంటిన సున్నం దాని కొసన ఇంకా తెల్లగానే ఉంది.