మిట్టమధ్యాహ్నం తెరిచిన కళ్ళు

కథల పటాలు రాసే నకాషీ వాళ్ళ ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. పటం మీద బొమ్మలన్నీ రాయడం ఒక ఎత్తు, వాటికి కళ్ళు తెరవడం ఒక ఎత్తు. కళ్ళు తెరిచేవాడు స్నానం చేసి, ఒక్కపొద్దుండి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. ఎవరూ తొంగిచూడరు. ఆడవాళ్ళయితే ఆ కుంచెను ముట్టనే ముట్టరు. కరీంనగర్ శివారులో హనుమండ్లు ఇంట్లో బొమ్మ ఒళ్ళంతా రాసేది అన్న హనుమండ్లు, కళ్ళు తెరిచేది తమ్ముడు మల్లేష్. ముప్పై ఏళ్ళు అలాగే నడిచింది. వేములవాడ నుంచి ధర్మపురి దాకా కథలు చెప్పేవాళ్ళు మల్లేష్ కళ్ళు పెట్టిన పటమే కావాలని వెతుక్కుంటూ వచ్చేవారు.

మూడేళ్ళ కింద మల్లేష్ పచ్చకామెర్లతో పోయాడు. అప్పటి నుంచి హనుమండ్లు బొమ్మ అన్నది రాయలేదు. గోడల మీద సిమెంటు పేర్లు, ఎరువుల పేర్లు రాసి బతికాడు. అక్షరాలకు కళ్ళుండవు, అదొక సుఖం.

అలాంటి మనిషిని స్నిగ్ధ వచ్చి పట్టుకుంది. బాలకిషన్‌రావు దొర మనవరాలు. నాట్యం నేర్చుకొచ్చి, తాత మూలపడేసిన రైస్‌మిల్లులో పదిమంది పిల్లలతో ఎల్లమ్మ కథను నృత్యనాటకంగా తయారు చేస్తోంది. వెనకాల ఇరవై అయిదడుగుల పటం ఉండాలి, అందులోంచి బొమ్మలు దిగివచ్చినట్టు పిల్లలు ఆడాలి. ఫ్లెక్సీ కొట్టిస్తే ఒక్క పూటలో అయ్యే పనికి ఇక్కడి చేతులే కావాలని ఆమె పట్టు. దొరల పట్టు ఎటూ పోలేదు, కాకపోతే ఈసారి మంచి పని మీద పడింది.

"రాస్త గని కండ్లు పెట్టనమ్మా. అవి పెట్టెటోడు పోయిండు," అన్నాడు హనుమండ్లు.

"ముందైతే మొదలుపెట్టు కాకా. కండ్ల సంగతి తర్వాత చూద్దాం."

'తర్వాత' అంత మోసపు మాట ఇంకోటి లేదు. రెండు నెలలు తిరిగేసరికి మిల్లు గోడ పొడవునా ముప్పై బొమ్మలు నిలబడ్డాయి. ముప్పయ్యింటికీ కళ్ళ చోట తెల్లటి ఖాళీ. వాటికి వీపు పెట్టి ఆడాలంటే పిల్లలు జంకుతున్నారు. ఆదివారమే ఆట.

సోమవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. హనుమండ్లుకు రోజూ అన్నం తెచ్చేది మల్లేష్ పెండ్లాం బాలలక్ష్మి. బావ ఎదుట మరదలు నిలబడకూడదు, బావ ఆమె ముఖంలోకి చూడకూడదు. పాత పద్ధతి. అందుకని ఆమె తలమీద కొంగు లాక్కుని, గిన్నె మెట్టు మీద పెట్టి, "అన్నం తెచ్చిన" అని గోడతో చెప్పి పక్కకు తప్పుకుంది. అతను వరండాలో తిని, ముఖం మీద తువ్వాలు వేసుకుని కునుకు తీశాడు.

లేచి లోపలికి వెళ్తే పటం చివర కుండ ఎత్తుకున్న పిల్ల అతన్నే చూస్తోంది.

ఎడమ కన్ను ఇసుమంత కిందికి ఉంది. భూమ్మీద మల్లేష్ తప్ప అలా ఎవరూ పెట్టరు. హనుమండ్లు మిల్లంతా కలియజూశాడు. పోయినవాళ్ళు మిట్టమధ్యాహ్నం మనుషులు లేని చోటికి వస్తారని వాళ్ళ అవ్వ చెప్పేది. ఆ మాట గుర్తొచ్చి వెనక్కి వెనక్కి నడిచి బయటపడ్డాడు.

మంగళవారం నలుగురికి కళ్ళొచ్చాయి. బుధవారం తొమ్మిదిమందికి. "ఎంత మంచిగొచ్చినయి కాకా!" అని స్నిగ్ధ మురిసిపోతుంటే అతను తలూపాడు. అప్పటికి భయం పోయి ఆశ పుట్టింది. కొత్త అల్లుడికి లేని తొందర అతనికి మధ్యాహ్నం కోసం. తినడానికి పోయేముందు పటం దగ్గర ఉడుత వెంట్రుకల కుంచె, బీడీల కట్ట పెట్టేవాడు. "కోపం పెట్టుకోకు తమ్మీ. ఆఖరి గడియల దవాఖానల నీ పక్కన గూసోకుంట నేను నిద్రపోయిన," అని గోడకు చెప్పుకునేవాడు. బీడీలు కట్ట కట్టినట్టే ఉండేవి. చచ్చినవాడికి అగ్గిపెట్టె ఎక్కడిదని తనే సర్దిచెప్పుకున్నాడు.

శుక్రవారానికి ఇద్దరే మిగిలారు. కళ్ళన్నీ అయిపోతే తమ్ముడు మళ్ళీ రాడు. ఒక్కసారి చూడాలి, చాలు. ఆ మధ్యాహ్నం గిన్నె మూత తీయకుండా, చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళాడు.

పీట మీద బాలలక్ష్మి కూర్చుని ఉంది. కొంగు నడుముకు చెక్కుకుంది. ఊపిరి బిగబట్టి, ఇరవై తొమ్మిదో బొమ్మకు కన్ను తీరుస్తోంది.

"నువ్వా!"

ఆ కేకకు కుంచె వణకలేదు. గీత పూర్తయ్యాకే ఆమె లేచి, కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది.

"వాడొస్తుండనుకున్న," అన్నాడు హనుమండ్లు.

"నేనే బావా. ఎనుకటి సంది నేనే. లగ్గమైన రెండో ఏడుకే తాగుడుతోని ఆయన చెయ్యి వణకవట్టె. తలుపేసుకున్నంక లోపట ఎవలు పెడ్తున్నరో ఎవలు చూసిండ్రు? ఆయన పక్కన గూసుండెటోడు, నేను పెట్టేదాన్ని."

"మరి గీ మూడేండ్లు ఎందుకు చెప్పలే?"

"ఆయన పేరు ఆయనకే ఉండాలెననుకున్న. ఈడికొచ్చి చూస్తె ముప్పైమంది గుడ్డోళ్ళు నన్నే అడుగుతున్నట్టుండె. అన్నం పెట్టి ఊకె పోబుద్ధి కాలే."

నిజం చెప్పాలంటే అతనికి ఒళ్ళు మండింది. మూడేళ్ళకు ఒక దయ్యం దొరికితే దాన్ని కూడా ఆమె లాగేసుకుందని ఏడుపొచ్చింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మిగిలింది ఎల్లమ్మ ఒక్కతే. ఆఖరి ఘట్టంలో నకాషీ మనిషే వేదిక మీదికి వచ్చి, జనం చూస్తుండగా ఎల్లమ్మకు కళ్ళు తెరవాలని స్నిగ్ధ ఏర్పాటు. "నువ్వే పెట్టు బావా. పెన్సిలు చుక్కలు పెట్టిన, వాటెంట పో," అని బాలలక్ష్మి గోడతో చెప్పింది.

ఆదివారం సాయంత్రం మిల్లు జనంతో నిండింది. పటాల కోసం ఒకప్పుడు ఇంటికి వచ్చిన కథల గంగయ్య, ఇంకా ఇద్దరు ముగ్గురు ముందు వరసలోనే కూర్చున్నారు. ఆటలో ఎల్లమ్మ తల తెగింది, పిల్లలు నేలకొరిగారు, డప్పు ఆగింది. హనుమండ్లు కుంచెతో పటం ముందు నిలబడ్డాడు. చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. వాటి వెంట పోతే మల్లేష్ పేరు నిలుస్తుంది. నోరు తెరిస్తే ముప్పై ఏళ్ళ పేరు ఈ పూటతో సరి. తమ్ముణ్ణి తన చేత్తో రెండోసారి కాల్చినట్టే.

కానీ ఆ గుడ్డి ముఖం ముందు అతని చెయ్యి లేవలేదు. ముప్పై ఏళ్ళుగా తను దండం పెట్టిన ప్రతి దేవత చూపూ ఆమె పెట్టిందే. అదే ఇంట్లో తను ఆమె ముఖమైనా చూడలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మైకు అడిగి తీసుకున్నాడు.

"గీ కండ్లు పెట్టేది నేను గాదు. మా తమ్ముడు గూడ గాదు. ముప్పై ఏండ్ల సంది మా మరదలు బాలలక్ష్మే పెట్టింది. ఆమెనే రావాలె."

ముందు వరసలో గంగయ్య లేచి నిలబడ్డాడు. వెనక వరసలోంచి బాలలక్ష్మి తల వంచుకుని వచ్చింది. ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను. ఎల్లమ్మ చూసింది. డప్పు ఒక్కసారి మోగింది.

బాలలక్ష్మి వెనక్కి తిరిగింది. కొంగు జారిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు. హనుమండ్లు భుజం మీదుగా, పక్క తెరవైపు చూస్తోంది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"నలుగురిల చెప్పు, నలుగురిల చెప్పుమని ఆయన మూడేండ్ల సంది ఇంట్ల నా యెంటనే తిరుగుతుండె బావా. పరువు పోతదని నేనే చెప్పలే. ఇగ పోయిండు. గా తెర పక్కపొంటి... గిప్పుడే పోయిండు."

హనుమండ్లు గిర్రున తిరిగాడు. తెర పక్కన గజ్జెలు కట్టుకున్న పిల్ల ఒకతె నీళ్ళు తాగుతోంది. ఇంకెవరూ లేరు.

మూడేళ్ళుగా తమ్ముడు అదే ఇంట్లో ఉన్నాడు. అన్నకు ఒక్కసారైనా కనబడకుండానే వెళ్ళిపోయాడు.