పువ్వుల దుప్పటి కింద

మా ఇంట్లో వారం రోజులుగా కాలు పెట్టే చోటు లేదు. రేడియో పెట్టాలన్నా జంపఖానాల కట్టలెక్కి దిగాలి. కొత్తవాడలో మగ్గాల షెడ్డున్న వెంకటరాజం గారు మా ఇంటి ఓనరు. "జర మీ ఇంట్ల పెట్టుకోండ్రి సారూ, కిరాయి పెంచ" అన్నారు. ఎందుకని అడగడం మర్యాద కాదు కాబట్టి అడగలేదు. మా ఆవిడ వాటి మీద పువ్వుల దుప్పటి కప్పి, సోఫా కొన్నామని వాడంతా చెప్పింది.

మర్నాడే ఆయన అప్పులు తీర్చలేనని కోర్టులో ఐపీ పెట్టారు.

నిన్న ఆ షెడ్డులో నేసే సిద్దిరాములు, ఆయన భార్య రాజవ్వ వచ్చారు. ఆ సోఫా మీదే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాం.

"నెలల కొద్దీ కూలి రావాలె సారూ. షెడ్డుల మాల్ అమ్మి ముందుగాల మా కూలే ఇప్పిస్తరట. కోర్టోళ్లు వచ్చి చూస్తే ఉత్త మగ్గాలే ఉన్నయి. మాల్ ఏడ దాసిండో ఏమో! సదువుకున్నోళ్లు, మీరే జర ఆరా తియ్యుండ్రి" అన్నాడు సిద్దిరాములు.

"ఫికర్ చెయ్యకు" అన్నాను.

రాజవ్వ దుప్పటి నిమిరింది. "మంచిగున్నది అక్కా, ఏడ కొన్నరు?"

"హన్మకొండల" అంది మా ఆవిడ.

వాళ్లు పోయాక నాతో, "చెప్తే చెప్పుండ్రి గని, సోఫా కాదని మాత్రం చెప్పకుండ్రి" అంది.

చెబితే మేం ఇల్లు ఖాళీ చేయాలి. చెప్పకపోతే వాళ్ల కూలి ఇక రాదు. రేపు పొద్దున మళ్లీ వస్తామన్నారు. అయ్యా, అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను, వాళ్లకేం చెప్పమంటారు?